సెప్టిక్ ట్యాంకు మళ్లీ మళ్లీ పొంగుతుంటే: లారీయా, కొత్త గుంతా, నీటి దారి మార్చడమా?

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు బాధ ఎక్కువగా రెండు సందర్భాల్లో బయటపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నప్పుడు ఒకటి. శ్రీవారి దర్శనానికి బంధువులు దిగి, నలుగురుండే ఇంట్లో పన్నెండు మంది స్నానాలు చేసి బట్టలు ఉతుక్కున్నప్పుడు రెండోది. కమోడ్‌లో నీళ్లు కిందికి దిగవు. స్నానాల గదిలో జాలీ గుడగుడలాడుతుంది. పెరట్లో మూత చుట్టూ నేల తడిసి వాసన వేస్తుంది. వెంటనే లారీకి ఫోను చేస్తాం. లారీ వచ్చి పీల్చుకుని పోతుంది, కొన్నాళ్లు హాయిగా గడుస్తుంది, ఆ తరువాత మళ్లీ అదే అవస్థ.

లారీ ఖాళీ చేసేది ట్యాంకును. చాలా ఇళ్లలో చెడిపోయేది ట్యాంకులోంచి వచ్చే నీటిని పీల్చుకోవలసిన నేల. అందుకే డబ్బు ఖర్చయినా బాధ తీరదు. లోపం ఎక్కడుందో తేల్చుకున్నాక ఎంపికల సంగతి చూద్దాం. ఆ క్రమం తప్పితే ఏ ఎంపిక అయినా గుడ్డిగా చేసినట్టే.

నిండుగా ఉన్న ట్యాంకు జబ్బుపడ్డట్టు కాదు

సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాని పని తీరే అంత. మలం అడుగుకు చేరి మడ్డి అవుతుంది, నూనె, జిడ్డు పైకి తేలి తెట్టు కడుతుంది, మధ్యలో ఉండే నీరు అవతలి గొట్టం గుండా సోక్ పిట్‌లోకి పోతుంది. ఇంట్లో బకెట్టు నీళ్లు పోస్తే అటు బకెట్టు నీళ్లు బయటికి పోతాయి. మూడు వేల లీటర్ల ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించారనుకుందాం. ఇంటి నీళ్లన్నీ అందులోకే వెళ్తూ, ఐదుగురు కలిసి రోజుకు ఐదు వందల లీటర్లు వాడితే ఆరు రోజుల్లో అది మళ్లీ గొట్టం మట్టానికి వచ్చేస్తుంది. మూత తీసి చూసి ‘వారానికే నిండిపోయింది, లారీ వాళ్లు మోసం చేశారు’ అని గొడవపడే వాళ్లున్నారు. అందులో మోసం ఏమీ లేదు. చూడవలసింది నీటి మట్టం గొట్టానికి సమానంగా ఉందా, పైకెక్కిందా అన్నదే.

సోక్ పిట్ సంగతి వేరు. సిమెంటు వరలు దింపి, చుట్టూ కంకర పోసిన ఆ గుంత పక్క మట్టి గుండా నీరు ఇంకాలి. ఏళ్లు గడిచేకొద్దీ మట్టి మీద నల్లటి జిగురు పాకుడు పేరుకుంటుంది. అది సూక్ష్మజీవుల పొర. పలచగా ఉన్నంతకాలం మురుగును వడగట్టి మేలే చేస్తుంది. ట్యాంకులోంచి మడ్డి, జిడ్డు కొట్టుకువస్తే, లేదా గుంత ఎన్నడూ ఆరకుండా నిత్యం నీళ్లతో నిండి ఉంటే ఆ పొర మందమై నీటిని దాటనివ్వదు. గుంత నిండుతుంది, నీరు వెనక్కి ట్యాంకులోకి తంతుంది, అక్కడి నుంచి ఇంట్లోకి వస్తుంది.

లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

ఒకే మరుగుదొడ్డిలో నీళ్లు నిలిచి మిగతావి బాగానే ఉంటే ఆ గొట్టంలోనే అడ్డు ఉంది, పెరట్లోకి పోనక్కర్లేదు. అన్నీ కలిసి నిలిస్తే ట్యాంకు మూత తీయాలి. తీసే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ట్యాంకులోకి గానీ సోక్ పిట్‌లోకి గానీ ఎవరూ దిగకూడదు. తల వంచి లోపల చూడకూడదు. అగ్గిపుల్ల గీయకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని నిమిషాల్లో కూలదోస్తుంది, మీథేన్ అంటుకుంటుంది. మూత తీశాక కొంతసేపు గాలి ఆడనిచ్చి, పిల్లలను దూరంగా ఉంచి, పక్కన నిలబడి టార్చి వేసి చూడాలి.

ఇంట్లో నీళ్ల వాడకం అరగంట ఆపి, ట్యాంకులో నీటి మట్టం, సోక్ పిట్‌లో నీటి మట్టం రెండూ చూడండి. ట్యాంకులో నీరు బయటికి పోయే గొట్టానికి సమానంగా ఉండి, గుంతలో నీరు బాగా కిందికి ఉంటే అవతల అంతా సవ్యంగానే ఉంది. ఇబ్బంది ఇంటికీ ట్యాంకుకూ మధ్య గొట్టంలో ఉంది. ట్యాంకులో నీరు గొట్టాన్ని ముంచి పైకి వచ్చి, గుంత మాత్రం ఖాళీగా ఉంటే రెంటి మధ్య గొట్టం పూడుకుంది, లేదా ట్యాంకులోంచి నీరు బయటికి పోయే చోట బిగించే T ఆకారపు టీ పైపు నోట్లో తెట్టు అడ్డుపడింది. ఇది పూటలో తీరే పని. ట్యాంకూ గుంతా రెండూ నిండి ఉంటే నేల నీటిని తీసుకోవడం లేదు. మన అసలు చర్చ ఆ ఇంటి గురించే.

నాలుగో స్థితి ఒకటుంది. ట్యాంకులో నీరు గొట్టం కంటే బాగా కిందికే ఉండి ఎప్పుడూ పొంగదు. ఇదేదో అదృష్టం అనుకునేరు. ట్యాంకు పగిలింది, లేదా కట్టేటప్పుడే అడుగున సిమెంటు వేయలేదు. మడ్డితో సహా మురుగు నేలలోకి దిగుతోంది. పక్కన సంపు గానీ బోరు గానీ ఉంటే మిగతా మూడు స్థితుల కంటే ఇదే ప్రమాదకరం.

తరువాత మడ్డి కొలత. పొడవాటి కర్రకు తెల్లటి పాత తువ్వాలు బిగించి చుట్టి, టీ పైపు దగ్గర నిలువుగా అడుగు తగిలేదాకా దింపి, కాసేపు ఉంచి మెల్లగా లాగండి. గుడ్డ మీద కింది నుంచి నల్లగా అంటిన మేర మడ్డి. దానికి పైనున్న తెట్టు మందం కలిపితే ట్యాంకులో నీటి లోతులో మూడో వంతు దాటిందంటే లారీ పిలవాలి. మామూలుగా రెండు మూడేళ్లకు ఒకసారి ఆ స్థితి వస్తుంది. మడ్డి తక్కువగా ఉన్నా పొంగుతుంటే లారీతో పని లేదని తేలిపోయినట్టే.

లారీ వచ్చిన రోజు ఇంకో గట్టి సాక్ష్యం దొరుకుతుంది. ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడు బయటికి పోయే గొట్టం వైపు చూడండి. అందులోంచి నీరు వెనక్కి ట్యాంకులోకి ధారగా దూకుతుంటే సోక్ పిట్ నిండి ఉందన్నమాట. ఆ ఒక్క దృశ్యం చూసిన ఇంటాయనకు ఇక ఎవరూ వివరించనక్కర్లేదు.

చివరగా ఇంటి లోపలి లీకులు. ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలిమందు కలిపి, పావుగంట పాటు ఫ్లష్ చేయకుండా ఉండండి. కమోడ్ లోపల నీలం జాడ కనిపిస్తే రాత్రింబవళ్లు నీళ్లు కారిపోతున్నాయి. సోక్ పిట్‌కు విశ్రాంతి లేకుండా చేసే లోపం ఇదే. చిన్న రబ్బరు వాషరు మారిస్తే సరిపోయే దానికి గుంత తవ్వించిన ఇళ్లున్నాయి. మిద్దె మీది వాన నీటి గొట్టాన్ని సోక్ పిట్‌కు కలిపి ఉంటే అదీ ఇప్పుడే కనిపెట్టాలి. వానలు పడినప్పుడే పొంగే ఇంట్లో మొదటి అనుమానం దాని మీదే పెట్టుకోవాలి.

నేలను అడగండి

మన ప్రాంతంలో నేల వీధికో తీరుగా ఉంటుంది. తిరుచానూరు వైపు స్వర్ణముఖి ఒడ్డున ఇసుక నేలల్లో నీరు గబగబా ఇంకుతుంది, ఇంకినంత వేగంగా బావిలోకీ చేరుతుంది. శేషాచలం కొండ పాదాల దగ్గర కొండరాళ్లు కలిసిన మట్టి, కొద్ది లోతుకే బండ. చిత్తూరు చుట్టూ ఎర్రమట్టి పలచగా ఉండి, కింద గట్టి నల్లరాయి. చెరువు ఆయకట్టులో వరి పండిన పొలాలు లేఅవుట్లయిన చోట జిగట మట్టి. వాన కాలంలో అక్కడ మూడు నాలుగు అడుగుల్లోనే ఊట కనిపిస్తుంది. 2021 నవంబరు వానల్లో తిరుపతిలో వీధులకు వీధులు మునిగాయి. అప్పుడు ఏ ఇంటి గుంత ఎంత లోతుగా ఉన్నా ఒకటే. చుట్టూ ఊట నిండిన గుంతలో మురుగు ఇంకదు, ఊట నీరే గుంతలోకి దిగుతుంది.

కాబట్టి పక్కింటి వాళ్లకు పని చేసిన గుంత మనకూ పని చేస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఇంకుదల పరీక్ష ఎవరికి వారు చేసుకోవచ్చు. గుంత గానీ ఇంకుడు కాలువ (మురుగు ఇంకడానికి తవ్వి కంకర నింపే కాలువ) గానీ ఏ లోతులో రావాలనుకుంటున్నారో ఆ లోతుకు, అడుగు వెడల్పున చిన్న గుంట తీయండి. గడ్డపార, పార తగిలి గోడలు నున్నగా మెరుస్తుంటే ఆ మెరుపు పోయేలా గీకండి, లేకపోతే నీరు ఇంకక తప్పు లెక్క వస్తుంది. అడుగున రెండంగుళాలు కంకర వేసి, అడుగు ఎత్తు నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున్నే కంకర మీద 15 సెంటీమీటర్ల నీరు ఉండేలా సరిచేసి, స్కేలు నిలబెట్టి, అరగంటలో ఎంత దిగిందో చూడండి. దాని నుంచి 2.5 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో తీయండి. అరగంటలో ఏడున్నర సెంటీమీటర్లు దిగితే పది నిమిషాలు. రెండున్నర మాత్రమే దిగితే ముప్పై నిమిషాలు. ఎండాకాలంలో చేసిన పరీక్ష కంటే వానలు పడ్డాక చేసినది నమ్మదగినది.

ఈ అంకెతో ఏం చేయాలో సెప్టిక్ ట్యాంకుల గురించి భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 2470 ప్రమాణం రెండో భాగంలో ఉంది. పది నిమిషాల నేల చదరపు మీటరుకు రోజుకు 65 లీటర్లు తీసుకోగలదు. ముప్పై నిమిషాల నేల 37 లీటర్లు. అరవై నిమిషాల నేల 26 లీటర్లు. అరవై దాటితే అక్కడ సోక్ పిట్ గానీ ఇంకుడు కాలువ గానీ పెట్టకూడదు. సోక్ పిట్‌కు పక్కగోడల వైశాల్యం, కాలువకు అడుగు వైశాల్యం లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు ఐదుగురున్న ఇంటికి లెక్క వేద్దాం. ఇంటి నీళ్లన్నీ ట్యాంకులోకే పోతే రోజుకు 500 లీటర్లు. ముప్పై నిమిషాల నేలలో దానికి 13.5 చదరపు మీటర్ల గోడ కావాలి. 1.2 మీటర్ల వెడల్పు గుంత అయితే మూడున్నర మీటర్లకు పైగా లోతు దింపాలి. అదే ఇంట్లో మరుగుదొడ్డి నీళ్లు మాత్రమే ట్యాంకుకు పంపి, మనిషికి 40 లీటర్ల చొప్పున 200 లీటర్లు అనుకుంటే ఐదున్నర చదరపు మీటర్లు చాలు. అదే వెడల్పు గుంతకు మీటరున్నర లోతు. నేల మారలేదు, గుంత వెడల్పూ మారలేదు. మారిందల్లా స్నానాల నీళ్లు, బట్టల నీళ్లు పోయే దారి. ఈ లెక్క ఒక్కటి చేతిలో పెట్టుకుని మిగతా ఎంపికలు చూడండి.

ఎంపికలు, వాటిలో నా మొగ్గు

మొదటిది, లారీ. మడ్డి మూడో వంతు దాటినప్పుడు ఇదే సరైన పని. కేవలం పొంగుతోందని పిలిస్తే కొన్ని రోజుల ఊరట కొనుక్కున్నట్టే. పిలిచినప్పుడు టీ పైపు సరిగా ఉందో లేదో చూపించమనండి. అది విరిగి పడిపోతే తెట్టు నేరుగా సోక్ పిట్‌లోకి పోయి కొత్త గుంతను కూడా ఏడాది రెండేళ్లలో పాడుచేస్తుంది. బండి ఆ మురుగును ఎక్కడ పోస్తుందో కూడా అడగండి. శుద్ధి కేంద్రానికి తీసుకుపోయే వాళ్లకే పని ఇవ్వండి. మన ఇంటి మురుగు ఏ చెరువు కాలువలోనో చేరితే ఆ పాపంలో మన వాటా ఉంటుంది. మనిషిని దింపి శుభ్రం చేస్తామన్న వారిని గుమ్మం నుంచే పంపేయండి. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం, రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకులో మనిషిని దింపడాన్ని నిషేధించింది. మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మురుగు శుభ్రం చేస్తూ చనిపోయిన వారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు చెప్పింది. ఆ డబ్బు ప్రాణం తిరిగి తెచ్చేది కాదు. యంత్రంతో కాని పని మన ఇంట్లో జరగకూడదు, అంతే.

రెండోది, పొడి ప్యాకెట్లు, యాసిడ్. మరుగుదొడ్డిలో వేస్తే ట్యాంకు తనంతట తానే శుభ్రపడుతుందని అమ్మే సూక్ష్మజీవుల పొడి గురించి ఎక్కువ చెప్పను. ట్యాంకులో ఆ జీవులు ముందే కావలసినన్ని ఉన్నాయి. పూడిపోయిన నేలను ఏ పొడీ తెరవదు. యాసిడ్, బ్లీచింగు పొడి డబ్బాల కొద్దీ పోయడం ఇంకా చెడ్డది. ట్యాంకులో జీవులు చస్తాయి, సిమెంటును యాసిడ్ తినేస్తుంది, కుళ్లవలసిన మడ్డి కుళ్లకుండా కదిలి గుంతలోకి పోతుంది.

మూడోది, నీటి దారి మార్చడం. ట్యాంకు, గుంత నిండి ఉన్న ఇంట్లో నేను ముందు చేయమనేది ఇదే. స్నానాల గది, బట్టలు ఉతికే చోటు, వంటగది నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి వెళ్లనక్కర్లేదు. వంటగది నీళ్లను చిన్న జిడ్డు తొట్టి గుండా పంపి, పది రోజులకోసారి పైన తేలిన జిడ్డు తీసేయాలి. స్నానాల, బట్టల నీళ్లను అడుగున్నర లోతు కంకర మడిలోకి వదిలి, అంచున అరటి, మెట్ట తామర నాటితే చాలు. కొబ్బరి చెట్టు ఉంటే దాని పాదులోకి పంపవచ్చు. నీరు పైన నిలవకుండా కంకర కిందే పారాలి, లేకపోతే దోమలు చేరతాయి. ఆకుకూరల మడికి మాత్రం వద్దు. ఒక ప్లంబరు, ఒక కూలీ, కొంత గొట్టం, కొంత కంకర సరిపోయే పని. గుంత మీద బరువు సగానికి పైగా తగ్గుతుంది. ఎండిపోయే అవకాశం దొరికాక పాత పాకుడు కొంతవరకు తనంతట తానే కుళ్లి, గుంత మళ్లీ నీరు తీసుకోవడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. పై అంతస్తులో అద్దెకిచ్చి గొట్టాలన్నీ ఒకే షాఫ్టులో దింపేసిన ఇళ్లకు ఇది కష్టం, ఒప్పుకుంటాను. అలాంటి చోట్ల కనీసం బట్టల యంత్రం నీళ్లయినా వేరు చేయండి.

నాలుగోది, పాత సోక్ పిట్‌ను శుభ్రం చేయించడం. నీరు తోడేసి, అడుగు మడ్డి పీల్పించి, పీడనంతో నీళ్లు కొట్టిస్తే కంకర మీది పాకుడు కొంత పోతుంది. వెనకున్న మట్టిలోకి దిగిన పాకుడు పోదు. ఫలితం నెలల పాటు నిలవవచ్చు, ఏళ్లపాటు నిలవదు. ఇంకో గుంత తవ్వేదాకా సాగదీయడానికి పనికొస్తుంది.

ఐదోది, ఇంకో గుంత తవ్వించడం. ఇక్కడే మేస్త్రీకీ ఇంటి వాళ్లకూ మధ్య అసలు బేరం నడుస్తుంది. “ఇంకో ఆరు వరలు దింపితే పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నా” అంటాడు మేస్త్రీ. అతని నమ్మకం అతనిది. అతను చూసేది ఖాళీ జాగా ఎంత పెరిగిందని. ఖాళీ జాగా ఐదు రోజుల్లో నిండుతుంది. ఆ తరువాత పని చేసేది గోడ మట్టి మాత్రమే. లోతుకు పోయేకొద్దీ మన దగ్గర తగిలేది బండ, కాదంటే ఊట. బండ ఇంకించుకోదు. ఊట ఉన్నచోట మురుగు నేరుగా తాగే నీటిలో కలుస్తుంది. గుంత అడుగు, వాన కాలపు నీటి మట్టానికి కనీసం ఆరడుగులు పైన ఉండాలి. కాబట్టి కొత్త గుంత తవ్వితే పాతదాని కంటే లోతుగా కాకుండా, పాతదానికి దూరంగా, మంచి మట్టి ఉన్న లోతులోనే తవ్వించండి. రెంటికీ మధ్య చిన్న ఛాంబర్ కట్టించి, ఒక దానికి దారి మూసి రెండో దానికి తెరిచేలా పెట్టుకుంటే పాత గుంత వృథా కాదు. ఆరు నెలల నుంచి ఏడాది ఆరనిస్తే పాకుడు ఎండి చాలావరకు కుళ్లిపోతుంది. అప్పుడు దారి మార్చి రెండో దానికి విశ్రాంతి ఇవ్వవచ్చు. కాస్త స్థలం ఉండి, నేల పరీక్షలో ముప్పై నిమిషాల లోపు వచ్చిన వాళ్లకు నా సిఫారసు ఇదే. నీటి దారి మార్పు దీనికి తోడైతే ఆ ఇంటికి పొంగు బాధ చాలాకాలం ఉండదు.

బోరు వేసి అందులోకి మురుగు వదలమని సలహా ఇచ్చే వాళ్లు కూడా ఉన్నారు. వట్టిపోయిన పాత బోరు ఎలాగూ ఉంది కదా అంటారు. ఆ మాట వినగానే వాళ్లను పంపేయండి. మన రాతి నేలలో నీరు పగుళ్ల గుండా పారుతుంది. మట్టి వడగట్టే అవకాశమే లేకుండా మన మురుగు వీధి వీధంతటి బోర్లలోకీ చేరుతుంది. పక్కింటి పసిపిల్లలు తాగే నీళ్లలో మన మలం కలపడం ఇది. వాన నీటి ఇంకుడు గుంతలోకి సోక్ పిట్ పొంగును కలపడమూ అదే తప్పు.

ఆరోది, ఇంకుడు కాలువలు. ఇవి మన వైపు అరుదుగా కనిపిస్తాయి గానీ, బండ పైకే ఉన్న చోట గుంత కంటే ఇవే మేలని నా అభిప్రాయం. మీటరు లోపు లోతు, రెండడుగుల వెడల్పు కాలువ తవ్వి, కడిగిన కంకర పరిచి, చిల్లులున్న నాలుగంగుళాల గొట్టాన్ని చాలా కొద్ది వాలుతో పెట్టి, పైన మళ్లీ కంకర, దాని మీద మట్టి కిందికి జారకుండా గుడ్డ లేదా గడ్డి పరిచి, మట్టి కప్పుతారు. నేల పై పొరలో గాలి ఆడుతుంది, వేర్లు తాగుతాయి, సూక్ష్మజీవులు చురుకుగా పని చేస్తాయి. మన 200 లీటర్ల ఇంటికి ముప్పై నిమిషాల నేలలో తొమ్మిది మీటర్ల కాలువ సరిపోతుంది. నాలుగున్నర మీటర్లవి రెండు, మధ్యలో ఆరడుగులు వదిలి తవ్వుకోవచ్చు. రెంటినీ మార్చి మార్చి వాడితే ఇంకా మంచిది. దాని మీద కారు నిలపకూడదు, గచ్చు వేయకూడదు, మామిడి, రావి లాంటి పెద్ద చెట్లు దగ్గర ఉండకూడదు. చిత్తూరు పక్క పల్లెల్లో పెరడు ఉన్న వాళ్లు ఇది తప్పక ఆలోచించాలి. అంకణాల లెక్కన కొన్న పట్నం స్థలంలో కుదరదు.

జిగట నేల, పైకే వచ్చే ఊట, అరవై నిమిషాలు దాటిన పరీక్ష: ఈ మూడింటిలో ఏది ఉన్నా గుంతలను, కాలువలను మరిచిపోండి. అప్పుడు ట్యాంకు తరువాత కంకర వడపోత తొట్టి కట్టించాలి. మురుగు అడుగు నుంచి ప్రవేశించి, కంకర గుండా పైకి ఎక్కి, పై అంచు నుంచి బయటికి పోతుంది. ఆ నీరు తేటగా కనిపించినా అందులో క్రిములుంటాయి. దాన్ని అడుగు సిమెంటు చేసిన మెట్ట తామర మడిలోకి పంపి, ఆ తరువాతే పురపాలక లేదా పంచాయతీ కాలువకు వారి అనుమతితో కలపాలి. ఖర్చు ఎక్కువే. అయితే ఏటా వాన కాలంలో మూడు నాలుగు సార్లు లారీ పిలిచే ఇల్లు కొన్నేళ్ల లెక్క వేసుకుంటే ఇది భరించలేనిదేమీ కాదు.

మీ వీధిలో భూగర్భ డ్రైనేజీ గొట్టం ఉంటే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి దానికే కలపండి. పట్నంలో ఇరుకు స్థలానికి అంతకంటే మంచి దారి లేదు. ఉందో లేదో కార్పొరేషను లేదా పురపాలక కార్యాలయంలో అడిగి, కనెక్షను వాళ్ల చేతనే వేయించుకోండి. పాత ట్యాంకును ఖాళీ చేయించి, ఇసుకతో నింపి మూసేయాలి. ఖాళీగా వదిలితే ఏదో ఒక రోజు పైకప్పు కుంగుతుంది.

దూరాల సంగతి

పైన చెప్పిన ఐఎస్ 2470 ప్రమాణం ప్రకారం మురుగు ఇంకే చోటు తాగే నీటి బావికి, బోరుకు కనీసం 18 మీటర్ల దూరంలో, ఇంటికి 6 మీటర్ల దూరంలో ఉండాలి. 18 మీటర్లంటే దాదాపు అరవై అడుగులు. తిరుపతిలో ముప్పై అడుగుల వెడల్పు స్థలంలో ఇల్లు, బోరు, సంపు, సోక్ పిట్ అన్నీ ఇరికించిన వాళ్లకు అది సాధ్యం కాదు. పక్కింటి బోరు కూడా లెక్కలోకి వస్తుంది మరి. అలాంటి ఇంటికి నా సలహా ఇది: కొత్త గుంతను లోతుగా దింపవద్దు, నీటి దారి వేరు చేసి గుంత మీద బరువు తగ్గించండి, ఆ బోరు నీళ్లు తాగడానికీ వంటకూ వాడడం మానండి. ఏడాదికోసారి వానల తరువాత బోరు నీటిలో కోలిఫామ్ క్రిముల (మురుగు కలిసిందేమోనని తెలిపే క్రిములు) పరీక్ష చేయించండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

తవ్వకానికి ఫిబ్రవరి నుంచి మే దాకా అనువైన కాలం. నేల ఆరి ఉంటుంది, గోడలు జారవు, తడి మట్టిలో పార మెరుపు పడి రంధ్రాలు మూసుకుపోవు. నేల పరీక్ష మాత్రం అంతకుముందు డిసెంబరు లోనే చేసి పెట్టుకోండి.

నవంబరు నడిమధ్య పొంగితే ఆ నెల గట్టెక్కడమే లక్ష్యం. బట్టల యంత్రం నీళ్లను తాత్కాలిక గొట్టంతో చెట్ల పాదులకు మళ్లించండి, ఫ్లష్ లీకు ఆపండి, మిద్దె నీటిని దూరంగా పంపండి. లారీ పిలవక తప్పకపోతే నీళ్లు నిండిన నేలలో ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించవద్దు. సగానికి తీయించి ఆపండి. చుట్టూ ఊట ఒత్తిడికి ప్లాస్టిక్ ట్యాంకులు పైకి తేలి గొట్టాలు విరుగుతాయి, పాత ఇటుక ట్యాంకుల అడుగు పగులుతుంది. బంధువులు దర్శనానికి వస్తామంటే రమ్మనండి, స్నానాల నీళ్లు మాత్రం ముందే వేరు చేసి ఉంచుకోండి.